జన్యువు అదే, వేళ వేరు

(హైదరాబాద్‌లో జరిగిన ఒక విజ్ఞాన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు విచ్చేసిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

‘మధుమేహానికి కారణమైన జన్యువు దొరికింది’, ‘జ్ఞాపకశక్తి జన్యువును గుర్తించారు’ వంటి శీర్షికలు మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. వాటిని చదివినవారికి ప్రతి లక్షణానికీ ఒక జన్యువు ఉంటుందనీ, అది ఉంటే లక్షణం ఉంటుందనీ, లేకపోతే లేదనీ అనిపించడం సహజం. నాకు ఈ శీర్షికల మీద పెద్దగా నమ్మకం లేదు. వేలాది మంది డీఎన్ఏను పోల్చి చూసినప్పుడు, సాధారణ జబ్బులతో సంబంధం ఉన్నట్టు బయటపడిన మార్పుల్లో దాదాపు పదింట తొమ్మిది, ప్రోటీన్‌ను నిర్దేశించే భాగంలో అసలు లేనే లేవు. ఒక జన్యువు ఏ కణంలో పనిచేయాలి, ఏ వయసులో మొదలుపెట్టి ఎప్పుడు మానాలి, ఎంత మోతాదులో పనిచేయాలి అన్న సంగతులను నిర్ణయించే భాగాలు వేరే ఉన్నాయి. ఆ మార్పుల్లో చాలా వాటి ప్రభావం ఆ భాగాల మీదే కనిపిస్తోంది. ఈ సాయంత్రం వాటి గురించే మాట్లాడతాను. బ్యాక్టీరియాతో మొదలుపెట్టి, వరి మడి మీదుగా, మన రక్తం దాకా వెళ్దాం. వరి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ పరిశోధనలో ముఖ్యమైన భాగం మన ఊళ్లోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలోనూ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలోనూ జరిగింది.

ముందుగా కొన్ని అంకెలు చెబుతాను. మన కణంలో తల్లి నుంచి వచ్చిన డీఎన్ఏ ప్రతి ఒకటి, తండ్రి నుంచి వచ్చినది ఒకటి ఉంటాయి. ఒక్కో ప్రతిలో ఏ, టీ, జీ, సీ అని మనం రాసుకునే అక్షరాలు 300 కోట్లకు పైగా ఉంటాయి. రెండు ప్రతులనూ కలిపి సాగదీస్తే సుమారు రెండు మీటర్ల పొడవు వస్తుంది. అదంతా మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండని కేంద్రకంలో, హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఇమిడిపోయి ఉంటుంది. ఇంత పొడవులో ప్రోటీన్లను నిర్దేశించే జన్యువులు సుమారు 20 వేలు. వాటిలో ప్రోటీన్‌గా మారే వరుసలన్నీ కలిపినా మొత్తంలో రెండు శాతం కన్నా తక్కువే. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగుకూ ఇంచుమించు ఇన్ని జన్యువులే ఉన్నాయి. వరి మొక్కకైతే మనకన్నా ఎక్కువే ఉన్నాయి. సంఖ్యను బట్టి హోదాను కొలిచేవారికి 2001లో మానవ జన్యుపటం తొలి ప్రతి వెలువడినప్పుడు ఇది మింగుడుపడలేదు.

మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. మీ కాలేయంలోని కణానికీ, కంటి వెనక వెలుతురును పట్టుకునే కణానికీ డీఎన్ఏ ఒక్కటే. ఇన్సులిన్ జన్యువు మీ మెదడులోనూ ఉంది, చర్మంలోనూ ఉంది; కానీ దాని నుంచి ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోని బీటా కణాల్లో మాత్రమే. కాబట్టి ‘ఏ జన్యువులు ఉన్నాయి’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన కణం గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

డీఎన్ఏలో ఉన్న సమాచారం ప్రోటీన్‌గా మారాలంటే నడుమ ఆర్ఎన్ఏ కావాలి. ఆర్ఎన్ఏ పాలిమరేస్ అనే ఎంజైమ్ జన్యువుకు ముందుండే ప్రమోటర్ అనే చోట కూర్చుని, అక్కడి నుంచి జన్యువును చదువుతూ, దానికి సరిపోయే ఆర్ఎన్ఏ ప్రతిని తయారుచేస్తుంది. ఆ మెసెంజర్ (దూత) ఆర్ఎన్ఏ, పొట్టిగా ఎంఆర్ఎన్ఏ, రైబోజోమ్ దగ్గరికి చేరితే అక్కడ ప్రోటీన్ అల్లిక జరుగుతుంది. ఈ దూత ఒకటి ఉందని ప్రయోగాలతో రుజువైనది 1961లో. కోవిడ్ టీకాల పుణ్యమా అని ఇప్పుడు ఎంఆర్ఎన్ఏ అన్న మాట తెలియని ఇల్లు లేదు. తెలుగువారిగా మనం ఇక్కడ ఒక పేరు తలచుకోవాలి. ఆర్ఎన్ఏ అల్లికకు కావలసిన నాలుగు ముడిసరుకుల్లో ఒకటి ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సంవత్సరం దాన్ని కనుగొన్నాడు.

ఆర్ఎన్ఏ ఎక్కువ కాలం నిలవదు. బ్యాక్టీరియాలో దాని ఆయుష్షు కొన్ని నిమిషాలు, మన కణాల్లో తరచూ కొన్ని గంటలు. నా దృష్టిలో ఇది లోపం కాదు. పాత ఉత్తర్వు చెరిగిపోతేనే కణం కొత్త పరిస్థితికి తగినట్టు నడుచుకోగలదు. కొన్నిచోట్ల కణం తానే పూనుకుని ఆర్ఎన్ఏ నోరు మూయిస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ ఇందాక చెప్పిన పురుగులో సుమారు 22 అక్షరాల చిట్టి ఆర్ఎన్ఏ ఒకటి, మరో జన్యువు నుంచి వచ్చిన మెసెంజర్ ఆర్ఎన్ఏకు అతుక్కుని దాని నుంచి ప్రోటీన్ రాకుండా చేస్తోందని చూపించారు. చాలా ఏళ్లు అది ఆ ఒక్క పురుగుకే ప్రత్యేకమైన వింత అనుకున్నారు. అటువంటి మైక్రో ఆర్ఎన్ఏలు మనుషుల్లోనూ వందల సంఖ్యలో ఉన్నాయని తర్వాత తేలింది. వారిద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. 1940ల మొదట్లో, పారిస్ నగరం జర్మన్ సైన్యం చేతిలో ఉన్న రోజుల్లో, జాక్ మోనో అనే యువ శాస్త్రవేత్త ఈ. కోలై వంటి బ్యాక్టీరియాను రెండు చక్కెరలు కలిపిన ద్రావణంలో పెంచుతూ, గంట గంటకూ ఎంత పెరిగిందో గీత గీసుకునేవాడు. గ్లూకోజ్‌తో పాటు పాలచక్కెర, అంటే లాక్టోజ్, ఇచ్చినప్పుడు ఆ గీత ఏకబిగిన పైకి పోలేదు. కొంత పెరిగి, ఒక దశలో చదునుగా ఆగిపోయి, కాసేపటికి మళ్లీ పైకి లేచింది. బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్ మొత్తం తినేసి, ఆ తర్వాత లాక్టోజ్‌ను జీర్ణించే ఎంజైమ్‌ను తయారుచేసుకుని, అప్పుడు రెండోదాని మీద పడుతోందన్న మాట. లాక్టోజ్ లేనప్పుడు ఆ ఎంజైమ్ దాదాపు లేనట్టే. అది అందగానే వెయ్యి రెట్ల వరకూ పెరుగుతుంది.

ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్నకు మోనో, ఫ్రాన్స్వా జాకబ్ కలిసి 1961లో ఇచ్చిన జవాబే జన్యు నియంత్రణ శాస్త్రానికి పునాది. వారి తర్కమంతా డీఎన్ఏలో తేడా వచ్చిన బ్యాక్టీరియాల మీద నడిచింది. కొన్నింటిలో ఎంజైమ్ చక్కగా పనిచేస్తుంది, అయితే లాక్టోజ్ ఉన్నా లేకపోయినా తయారవుతూనే ఉంటుంది. ఎంజైమ్ జన్యువులో ఏ తప్పూ లేదు. ఎప్పుడు ఆగాలో మాత్రం దానికి తెలియడం లేదు. అందువల్ల జన్యువును అడ్డుకునే రెప్రెసర్ అనే పదార్థం ఒకటి ఉండాలనీ, అది వచ్చి అతుక్కునే చోటు డీఎన్ఏ మీదే జన్యువు పక్కన ఉండాలనీ వారు ఊహించారు. లాక్టోజ్ నుంచి పుట్టే ఒక అణువు రెప్రెసర్‌ను పట్టుకుంటే అది డీఎన్ఏను వదిలేస్తుంది, పాలిమరేస్‌కు దారి దొరుకుతుంది. ఆ రెప్రెసర్‌ను 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ చేతికి చిక్కించుకున్నారు. కణానికి పదో పరకో మాత్రమే ఉండే ప్రోటీన్‌ను పట్టుకోవడం ఆ రోజుల్లో మాటలు కాదు.

ఈ కథలో నేను మీరు గుర్తుంచుకోవాలని కోరేది ఒక్కటే: జన్యువు వేరు, దాని పక్కనున్న నియంత్రణ స్థలం వేరు. రెండూ డీఎన్ఏ అక్షరాలే అయినా ఒకదాన్ని మార్చితే వచ్చే ఫలితం, రెండోదాన్ని మార్చితే వచ్చే ఫలితం ఒకటి కావు. వరి రైతుకు ఈ తేడా ఏ విధంగా పనికొచ్చిందో చూద్దాం.

మీ ఇళ్లలో తినే సన్నబియ్యంలో సాంబ మసూరి ఉండే ఉంటుంది. బీపీటీ 5204 పేరుతో 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ రకానికి రుచి ఉంది, ధర ఉంది; ఎండాకు తెగులును తట్టుకునే శక్తి మాత్రం లేదు. తెగులు సోకిన మడిలోకి వెళ్లి ఒక ఆకును దగ్గరగా చూడండి. ఆకు కొస దగ్గరో అంచు వెంబడో నీటిలో నానినట్టు పాలిపోయిన చార మొదలై, అలలు అలలుగా ఉండే అంచుతో కిందికి పాకుతూ, ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. తెల్లవారుజామున ఆ చార మీద పాలలా తెల్లని సన్నని బొట్లు కనిపిస్తాయి. పొద్దెక్కేసరికి అవి ఎండి పసుపుపచ్చని పూసల్లా అంటుకుని ఉంటాయి. ఆ ఆకును కోసి గాజుగ్లాసులోని మంచినీటిలో ముంచితే, కోసిన చోటు నుంచి మసక పొగలాంటి ధార నీటిలోకి దిగుతుంది. అదంతా క్సాంతోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా. ఆకు అంచున నీరు ఊరే సన్నని రంధ్రాల గుండానో, గాయాల గుండానో అది లోపలికి వెళ్లి, నీరు పారే నాళాల్లో పెరుగుతుంది.

నాళాల్లో నీరు ఉంటుంది గానీ తిండి పెద్దగా ఉండదు. అందుకే ఈ బ్యాక్టీరియా ఒక ఎత్తు వేస్తుంది. టాల్ ఎఫెక్టర్లనే ప్రోటీన్లను మొక్క కణంలోకి నేరుగా ఎక్కిస్తుంది. అవి కేంద్రకంలోకి వెళ్లి, మొక్క డీఎన్ఏ మీద తమకు సరిపడే వరుసను వెతుక్కుని, ఏదో ఒక జన్యువు ప్రమోటర్ మీద కూర్చుని దాన్ని పనిచేయిస్తాయి. అటువంటి ప్రోటీన్ ఒకటి స్వీట్11 అనే జన్యువును పట్టుకుంటుంది. ఆ జన్యువు నుంచి వచ్చే ప్రోటీన్ పని కణంలోని చక్కెరను బయటికి పంపడం. ఆకులో ఆ సమయంలో మేల్కొనవలసిన అవసరం లేని జన్యువు మేల్కొంటుంది, చక్కెర బయటికి వస్తుంది, బ్యాక్టీరియా తింటుంది. దొంగ తలుపు పగలగొట్టకుండా ఇంటి యజమాని గొంతుతో పిలిచి, లోపలివారి చేతే గొళ్లెం తీయించినట్టు ఉంటుంది వ్యవహారం.

టాల్ ప్రోటీన్ డీఎన్ఏను చదివే పద్ధతి కూడా విచిత్రమే. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువుల గొలుసు; దాని నడుమ సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ముక్కలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, 12, 13 స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలు మాత్రం మారుతుంటాయి. ఆ జంటను బట్టి ఒక్కో ముక్క డీఎన్ఏలో ఒక్కో అక్షరాన్ని గుర్తుపడుతుంది. ఈ లిపిని 2009లో రెండు బృందాలు విడివిడిగా ఛేదించాయి. దానితో, ఒక టాల్ ప్రోటీన్‌ను చూసి అది ఏ జన్యువు మీద వాలగలదో ముందే అంచనా వేయడం వీలైంది.

ఇప్పుడు మన ముందున్న సమస్య ఇది. స్వీట్11 జన్యువు వల్ల తెగులు వస్తోంది కదా అని దాన్ని తీసేద్దామా? తీసేస్తే వరికి పుప్పొడి సరిగా తయారు కాదు. పుప్పొడి లేనిదే గింజ లేదు. రోగాన్ని తప్పించబోయి పంటనే పోగొట్టుకున్నట్టవుతుంది. అయితే ప్రకృతిలోనే కొన్ని వరి రకాల్లో దీనికి చక్కని మార్గం ఉంది. ఎక్స్ఏ13 అని పిలిచే ఆ రూపంలో జన్యువు ప్రోటీన్‌ను ఎప్పటిలాగే నిర్దేశిస్తుంది. ప్రమోటర్‌లో బ్యాక్టీరియా ప్రోటీన్ అతుక్కునే చోట మాత్రం వరుస మారిపోయింది. పుప్పొడి తయారీలో జన్యువును పిలిచే మొక్క సొంత ప్రోటీన్లకు ఆ మార్పు అడ్డు కాదు. బయటివాడి పిలుపు ఒక్కటే పనిచేయదు. ఈ సంగతి 2006లో వెల్లడైంది.

ఎక్స్ఏ5 అనే మరో రూపం ఇంకో వైపు నుంచి అదే పని చేస్తుంది. ఆర్ఎన్ఏ తయారీ యంత్రాంగంలో భాగమైన ఒక చిన్న ప్రోటీన్‌లో 39వ స్థానంలో వాలిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. టాల్ ప్రోటీన్ ఆ చిన్న ప్రోటీన్‌ను ఊతగా పట్టుకునే మొక్క యంత్రాంగాన్ని తన వైపు తిప్పుకుంటుంది కాబట్టి, ఊత మారితే పట్టు తప్పుతుంది. ఈ రెండు రూపాలూ మొక్కలో రెండు ప్రతులుగా ఉంటేనే ఫలితం ఉంటుంది. కారణం స్పష్టమే: ఎక్స్ఏ13 విషయంలో పాత ప్రతి ఒక్కటి మిగిలి ఉన్నా బ్యాక్టీరియా దాన్ని పట్టుకుని తన పని కానిచ్చుకుంటుంది. ఎక్స్ఏ21 అనే మూడో జన్యువు వేరే తరహాది. ఆఫ్రికాకు చెందిన ఒక అడవి వరి నుంచి వచ్చిన అది, కణం పైపొర దగ్గర కాపలా ఉండి బ్యాక్టీరియా జాడను పసిగడుతుంది.

సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి తెచ్చారు. బయటి జన్యువును ప్రయోగశాలలో చొప్పించే పద్ధతి కాదిది. మూడూ ఉన్న వరితో సాంబ మసూరిని సంకరం చేసి, వచ్చిన సంతతిని పదేపదే సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలో లేత ఆకు నుంచి డీఎన్ఏ తీసి, మూడు జన్యువులూ ఏ మొక్కల్లో నిలిచాయో చూసుకుంటూ వెళ్లారు. తల్లి రకం గింజ నాణ్యత పోకూడదు, తెగులును తట్టుకునే గుణం చేరాలి. ఆ విధంగా ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ 2008లో విడుదలైంది. మూడు ఎందుకంటే, బ్యాక్టీరియా కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. స్వీట్11 దొరకకపోతే స్వీట్14ను పట్టుకునే టాల్ ప్రోటీన్లున్న జాతులు ఉన్నాయి. ఎక్స్ఏ13 ఒక్కటే ఉన్న వరి వాటికి లొంగిపోతుంది. ఈ దారిలోనే ముందుకు వెళ్లి 2019లో విదేశీ బృందాలు డీఎన్ఏను ఎంచుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ అనే కత్తెరతో స్వీట్11, 13, 14 జన్యువుల మూడింటి ప్రమోటర్లనూ మార్చి, అనేక బ్యాక్టీరియా జాతులను తట్టుకునే వరి మొక్కలను చూపించాయి.

మనిషి దగ్గరికి వచ్చేముందు పాలచక్కెరను ఇంకోసారి తలచుకుందాం. పసిపిల్లల పేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైమ్ లాక్టోజ్‌ను విడగొడుతుంది. ప్రపంచంలో ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ ఆ ఎంజైమ్ జన్యువు పని తగ్గిపోతుంది. గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. కొందరికి మాత్రం జీవితాంతం పనిచేస్తూనే ఉంటుంది. ఆ తేడాకు కారణమైన ఒక అక్షరం లాక్టేజ్ జన్యువులో లేదు. దానికి దాదాపు 14 వేల అక్షరాల దూరంలో, పక్క జన్యువు లోపల ఉండే ఎన్‌హాన్సర్ అనే నియంత్రణ స్థలంలో ఉంది. ఫిన్లాండ్ కుటుంబాల్లో 2002లో బయటపడిన ఆ మార్పే మన దేశంలోనూ ఉందనీ, వాయవ్య ప్రాంతాల్లో ఎక్కువగానూ దక్షిణాన, తూర్పున తక్కువగానూ కనిపిస్తుందనీ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2012 నాటి అధ్యయనం చెప్పింది. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం, తోడులోని బ్యాక్టీరియా అప్పటికే కొంత లాక్టోజ్‌ను తినేసి ఉండడం.

వయసుతో పాటు మూతపడే జన్యువుల్లో ఇంకొకటి వైద్యానికి చాలా విలువైనది. గర్భంలోని శిశువు రక్తంలో ఉండే హీమోగ్లోబిన్, పెద్దల హీమోగ్లోబిన్ ఒకటి కావు. శిశువు దానిలో గామా అనే ప్రోటీన్ గొలుసులు ఉంటాయి. పుట్టిన కొన్ని నెలల్లో గామా జన్యువులు దాదాపుగా మూతపడి, బీటా జన్యువు ఆ పని అందుకుంటుంది. సికిల్ సెల్ జబ్బు బీటా జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల వచ్చేది. ఆదిలాబాద్ నుంచి విశాఖ మన్యం దాకా గిరిజన గ్రామాల్లో ఈ జబ్బు బాధ ఏమిటో అక్కడ పనిచేసిన వైద్యులను అడిగితే చెబుతారు. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకలు భరించలేనంత నొప్పి పుడతాయి. అయితే ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు మొదటి నెలల్లో బాగానే ఉంటారు. గర్భస్థ హీమోగ్లోబినే వారిని కాపాడుతోందని న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు 1948లోనే సూచించింది.

గామా జన్యువులను మూసే ప్రోటీన్లలో ప్రధానమైనది బీసీఎల్11ఏ అని 2008లో తేలింది. దాన్ని తీసేస్తే గామా మళ్లీ తెరుచుకుంటుంది. ఇక్కడా వరిలో ఎదురైన చిక్కే ఎదురైంది. ఆ ప్రోటీన్ మెదడు ఎదుగుదలకూ, రోగనిరోధక కణాలకూ కావాలి. జన్యువును చెరిపితే కుదరదు. 2013లో దొరికిన ఆధారం ఏమిటంటే, ఆ జన్యువు లోపలే ఉన్న ఒక ఎన్‌హాన్సర్ ఎర్రకణాల వంశంలో మాత్రమే దానికి బలమిస్తుంది. ఆ చిన్న చోటును కత్తిరిస్తే ఎర్రకణాల్లో బీసీఎల్11ఏ తగ్గుతుంది, మిగతా చోట్ల దాని పని దానిదే. ఈ సూత్రం మీద తయారైన క్యాస్‌గెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. క్రిస్పర్‌తో చేసే వైద్యానికి అనుమతి రావడం అదే మొదటిసారి.

దీని గురించి పత్రికలు రాసినప్పుడు ధర, శ్రమ వెనక్కి పోతుంటాయి. రోగి రక్తమూలకణాలను బయటికి తీసి, ప్రయోగశాలలో మార్చి, గట్టి కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలను తిరిగి ఎక్కించాలి. నెలల తరబడి పట్టే పని. అమెరికాలో దాని జాబితా ధర 22 లక్షల డాలర్లు. 2047 నాటికి సికిల్ సెల్ జబ్బును నిర్మూలించాలని మన కేంద్ర ప్రభుత్వం 2023లో కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ ధరలో ఆ లక్ష్యానికి ఈ చికిత్స పనికిరాదని నా అభిప్రాయం. ప్రస్తుతానికి గిరిజన ప్రాంతాల్లో పిల్లలకు అందవలసినది హైడ్రాక్సీయూరియా మాత్ర. అది కూడా చాలామందిలో గర్భస్థ హీమోగ్లోబిన్‌ను పెంచే మందే, ధర చాలా తక్కువ. వైద్యుల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. మరోపక్క, కణాలను బయటికి తీయకుండా కత్తెరను సూదిమందుగా నేరుగా ఎముక మజ్జకు చేర్చే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో నడుస్తున్నాయి. కరోనా టీకాలో ఎంఆర్ఎన్ఏను మోసిన కొవ్వు బుడగల వంటివాటినే అక్కడా వాహనంగా వాడి చూస్తున్నారు. కాలేయానికి వాటిని చేర్చడం ఇప్పటికే సాధ్యమైంది, మజ్జకు చేర్చడమే కష్టంగా ఉంది.

నేను చెప్పదలచినది ఇంతే. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.